నాగబాబు గొంతు, రెండు పొరల ఐసు

లాప్‌టాప్ చెడిపోతోందని గంగాదేవికి వారం రోజులపాటు తెలియలేదు. బల్లి అనుకుంది.

సాయంత్రాలు కూతురు సింధూరి లాప్‌టాప్ ముందు, తను పొయ్యి ముందు కూర్చుని మాట్లాడుకుంటుంటే ఎక్కడో టక్ టక్ టక్ మనేది. మాట మధ్యలో బల్లి పలికితే ఆ మాట నిజమవుతుందని గంగాదేవి నమ్మకం. వెంటనే వేలి కణుపుతో నేలమీద తట్టి "సత్యం" అనేది. ఆ వారంలో బల్లి ఆమోదించిన విషయాలు చాలానే ఉన్నాయి. సింధూరికి డిగ్రీ అవగానే బ్యాంకులో ఉద్యోగం వస్తుందని, ఈ ఏడు కొల్లేట్లో నీళ్ళు నిలుస్తాయని, పక్కింటి మార్త కొన్న మిక్సీ ఆరు నెలలు కూడా పనిచెయ్యదని. ఎనిమిదో రోజు పొద్దున గోడలన్నీ దులిపితే బల్లి అన్నది ఒక్కటీ కనబడలేదు. చప్పుడు మాత్రం వచ్చింది. లాప్‌టాప్‌కి చెవి ఆనించి విని, వారంగా తను సత్యం పలికింది దేనికో తెలుసుకుని, బ్యాంకు ఉద్యోగం మీద పెట్టుకున్న ఆశ కొంచెం తగ్గించుకుంది.

ఆ లాప్‌టాప్‌కి పదకొండేళ్ళు. హనుమాన్ జంక్షన్‌లో ఒక చేపల వ్యాపారి కొత్తది కొనుక్కుంటూ పాతది ఇచ్చేస్తే గంగాదేవి భర్త నాగబాబు ఇంటికి తెచ్చాడు. మూత మడత దగ్గర విరిగితే ఎంసీల్ పెట్టి అతికించారు. కీబోర్డులో రెండు మీటలు ఎప్పుడో ఊడిపోయాయి. ఆన్ చేసి, ఎసరు పెట్టి, బియ్యం కడిగి, అన్నం వార్చేసరికి తెరమీద బొమ్మ వచ్చేది. ఆ ఇంట్లో దాన్ని ఎవరూ లోపంగా అనుకోలేదు. బొమ్మ వచ్చిందంటే అన్నం ఉడికినట్టే అని లెక్కపెట్టుకున్నారు.

అందులో సింధూరి చదువుంది. గంగాదేవికి కావలసింది వేరే ఉంది. పదకొండు నిమిషాల నాగబాబు గొంతు.

నాగబాబు కైకలూరు అవతల, కొల్లేటి ఒడ్డున వాళ్ళ లంకలో ఉన్న చేపల రేవులో వేలం పలికేవాడు. తెల్లారగానే పడవలొచ్చి చేపలు పట్టామీద గుమ్మరిస్తే, కుప్ప పక్కన నిలబడి ధర పెంచుకుంటూ పోయి, ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని ముగించేవాడు. ఇరవై రెండేళ్ళు అదే పని. ఆ గొంతు అవతలి లంకదాకా వినబడేదని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు, అవతలి లంకవాళ్ళు మాత్రం ఒప్పుకోరు. సింధూరి తొమ్మిదో తరగతిలో ఉండగా బళ్ళో 'మన ఊరి వృత్తులు' అని ఏదో రాసుకురమ్మన్నారు. పిల్ల రాయడానికి బద్ధకించి, నాన్న వేలం పలుకుతుంటే ఫోనులో రికార్డు చేసుకుపోయింది. టీచరు అది వినకుండానే పదికి పది వేసింది.

మూడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం నాగబాబు అన్నం తిని పడుకుని మళ్ళీ లేవలేదు. బతుకంతా అరిచి సంపాదించిన మనిషి, పోయేటప్పుడు పక్కన కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న భార్యకి కూడా వినబడకుండా పోయాడు. ఆ విషయంలో గంగాదేవికి ఇప్పటికీ ఆయన మీద కోపమే.

రోజూ సాయంత్రం కంచంలో అన్నం పెట్టుకున్నాక ఆమె సింధూరి వైపు చూస్తుంది. సింధూరి ఆ రికార్డు పెడుతుంది. మొదట బొచ్చె చేపలు, తర్వాత శీలావతులు, మధ్యలో ఎవరో దగ్గుతారు, ఎవరిదో ఆటో హారన్ కొడుతుంది. ఆరో నిమిషంలో నాగబాబు వేలం ఆపి పక్కకి తిరిగి, "గంగా, ఐసు తక్కువేశావే. ఇంకో బుట్ట వెయ్యి," అంటాడు. మళ్ళీ ధరల్లో పడిపోతాడు. ఆ పదకొండు నిమిషాల్లో ఆమె పేరు వచ్చేది ఆ ఒక్కసారే. దానికోసం గంగాదేవి ఏడేళ్ళనాటి చేపల ధరలన్నీ రోజూ వింటుంది. ఆ మాట దగ్గర ముద్ద ఆపి, "వేశాగా," అని జవాబు చెప్పి, మళ్ళీ తినడం మొదలుపెడుతుంది.

ఆ రికార్డుని ఇంకోచోట కూడా దాచుకోవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. సింధూరి అడిగింది. కానీ రికార్డు చేసిన ఆ ఫోను, నెల తిరక్కుండానే పడవలోంచి జారి కొల్లేట్లో పడింది. అప్పటికే లాప్‌టాప్‌లోకి ఎక్కించి ఉండబట్టి గొంతు మిగిలింది. నాగబాబు పోయాక గంగాదేవి ఒక నియమం పెట్టింది.

"మీ నాన్నని ఫోన్లో పెట్టమాకు. ఫోన్లు నీళ్ళలో పడతయ్యి. లాప్‌టాపు ఎప్పుడన్నా నీళ్ళలో పడిందా?"

పడలేదు. సింధూరి వాదించడం మానేసింది.

బల్లి సంగతి బయటపడ్డ రోజే సింధూరి, స్నేహితురాలు ఇచ్చిన నంబరు పట్టుకుని బెజవాడలో ఎలీషా అనే రిపేరు మనిషికి ఫోన్ చేసింది. ఆయన చప్పుడు వినిపించమన్నాడు. లాప్‌టాప్ పక్కన ఫోను పెడితే అయిదు క్షణాలు విన్నాడు.

"హార్డ్ డిస్కు పోతోందమ్మా. ఇప్పుడే ఆపెయ్యి. మళ్ళీ ఆన్ చెయ్యొద్దు. ప్రాణముండగానే లోపలున్నది తీసి కొత్తదాన్లోకి ఎక్కించాలి. అసలే ఎండలు మండిపోతన్నయ్యి. వేడి తగలనివ్వకుండా, చల్లగా ఉంచి తీసుకురండి."

మర్నాడు పొద్దున సింధూరికి గుడివాడలో పరీక్ష. అది రాసి తను అటునుంచటే బెజవాడ వచ్చేస్తానని, లాప్‌టాప్ మాత్రం అమ్మే తేవాలని అనుకున్నారు. ఇద్దరి దగ్గరా కలిపి రెండున్నర వేలున్నాయి. కొత్త లాప్‌టాప్ అనే మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

"అమ్మా, ఆయన చెప్పింది గుర్తుందిగా. చల్లగా ఉంచి తేవాలంట."

"నాకు చెప్తన్నావా," అంది గంగాదేవి.

ఆ మాట ఆమె గొప్పకి అనలేదు. రేవులో ఐసు ప్యాకింగ్ ఆమెది. పందొమ్మిదేళ్ళుగా చేపకి ఐసు వేసి పెట్టెలు కడుతోంది. ఆమె కట్టిన పెట్టె రెండు రోజులు లారీలో ప్రయాణం చేసి హౌరాలో దిగినా చేప కన్ను తెల్లబడదు. ఏ ఎండలో ఎంత ఐసు, ఎంత దూరానికి ఎన్ని పొరలు అన్నది ఆమె చేతికి తెలుసు. ఐసు తక్కువైందని ఆమెను అన్న మనిషి ఈ లోకంలో ఒక్కడే, ఆయన ఇప్పుడు ఆ లాప్‌టాప్‌లో ఉన్నాడు.

మర్నాడు సింధూరి మొదటి బస్సుకి వెళ్ళిపోయాక ఆమె పని మొదలుపెట్టింది. లాప్‌టాప్‌ని పాలిథిన్ కవరులో పెట్టి, గాలి పిండి, మూతి మెలిపెట్టి రబ్బరు వేసింది. దానిమీద ఇంకో కవరు. నీళ్ళు తగలకూడదన్న ఇంగితం ఆమెకు లేకపోలేదు. థర్మాకోల్ పెట్టె అడుగున, కరిగిన నీళ్ళు పోవడానికి, ఎప్పటిలాగే చిల్లి పొడిచింది. నాలుగు వేళ్ళ మందం పొడి కొట్టిన ఐసు పరిచి లాప్‌టాప్ పడుకోబెట్టింది. పక్కల ఐసు కూరింది. పైన ఒక పొర వేసింది. మూత పెట్టబోతూ ఆగింది. ఆరో నిమిషం మాట గుర్తొచ్చింది. మూత పక్కన పెట్టి ఇంకో పొర వేసి, టేపు చుట్టేసింది.

హనుమాన్ జంక్షన్‌కి చేపలు వేసుకుపోయే చిట్టిబాబు వ్యాను ఎక్కింది. చిట్టిబాబు నాగబాబుకి వరసకి తమ్ముడు. ముందు సీట్లో ఒళ్ళో పెట్టె పెట్టుకుని కూర్చున్న ఆమెను చూసి అడిగాడు.

"ఏంటి వదినా, కొర్రమీనా?"

"కాదు. మీ అన్నయ్య."

చిట్టిబాబు హనుమాన్ జంక్షన్ దాకా వ్యానుని గతుకులు తప్పించి నడిపాడు. దిగేటప్పుడు పెట్టెని రెండు చేతులతో అందించాడు.

జంక్షన్‌లో బెజవాడ బస్సు ఎక్కితే కండక్టరు పెట్టె కింద తడి చూశాడు.

"చేపలు బస్సులో కుదరదమ్మా. దిగు."

"చేపలు కావండి."

"మరి నీళ్ళు కారతన్నయ్యేంటి?"

"ఐసండి."

"ఐసు దేనికి?"

"లాప్‌టాప్‌కండి."

కండక్టరు వంగి వాసన చూశాడు. పెట్టె పాతది, దాని వాసన దానికుంది. టేపు తీయమన్నాడు. గంగాదేవి తీసి, పై పొర ఐసు చేత్తో పక్కకి జరిపి చూపించింది. మంచులో, కవర్ల లోపల, నల్లగా మెరుస్తూ లాప్‌టాప్ మూత కనబడింది. కండక్టరు కాసేపు చూశాడు. ఆయనకు పద్ధెనిమిదేళ్ళ సర్వీసుంది, మేకపిల్లనుంచి మోటారు పంపుదాకా దేనికి ఎంత కొట్టాలో తెలుసు. చివరికి ఆడవాళ్ళ ఉచిత టికెట్టు ఒకటి, పెట్టెకి లగేజీ టికెట్టు ఒకటి చింపి చేతిలో పెట్టి, వెనక్కి పోయి కూర్చున్నాడు.

వెనక సీటు పెద్దాయన ముందుకి వంగాడు.

"ఐసుమీద కాస్త ఉప్పు చల్లాల్సిందమ్మా. ఇంకా చల్లగా ఉండేది."

నిజమే. ఆ సంగతి ఎలా మర్చిపోయానా అని గన్నవరందాకా గంగాదేవి బాధపడింది.

గవర్నర్‌పేటలో ఒక సందులో, ఇనుప మెట్లెక్కితే ఎలీషా గది. గోడకి చర్చి కేలండర్, బల్లనిండా విప్పి పడేసిన లాప్‌టాప్‌లు. ఎలీషాకి నలభై ఉంటాయి. నెమ్మదైన మనిషి. గంగాదేవి పెట్టె దించి టేపు తీస్తుంటే, ఎవరో అభిమానంగా చేపలు తెచ్చారనుకుని లేచి నిలబడ్డాడు. ఐసు తోడి, కవరు బయటికి తీసి, రెండు చేతులతో బల్లమీద పెట్టేదాకా ఆయన అలాగే నిలబడి ఉన్నాడు.

"చల్లగానే ఉందండి. చూసుకోండి," అంది గంగాదేవి.

ఎలీషా ముట్టుకుని చూశాడు. చల్లగానే ఉంది. అందులో ఆమెను తప్పు పట్టడానికేమీ లేదు.

"పన్నెండేళ్ళనుంచి ఈ పని చేస్తన్నానమ్మా," అన్నాడు చివరికి. "ఐసులో పెట్టి తెచ్చింది మీరొక్కరే."

"మరి మిగతావాళ్ళవి వేడెక్కిపోవూ?"

"సంచిలో పెట్టి తెస్తారమ్మా. నీడపట్టున."

గంగాదేవి వంగి పెట్టెలో మిగిలిన ఐసు వైపు చూసింది. ఎలీషా కవరు విప్పాడు. బయటి నీళ్ళు చుక్క కూడా లోపలికి పోలేదు, ఆమె కట్టిన కట్టు అలాంటిది. కానీ గదిలో గాలి తగలగానే లాప్‌టాప్ ఒళ్ళంతా చెమట పట్టింది. మీటల మధ్య, ఎంసీల్ పగుళ్ళలో, ఫ్యాను కంతల్లో సన్నటి నీటి బొట్లు లేచాయి.

"నీళ్ళు ఎట్టొచ్చినయ్యండీ? రెండు కవర్లేశాను."

"గాల్లో ఉంటయ్యమ్మా. చల్లటి మజ్జిగ గ్లాసుకి పట్టదూ, అట్టాగే. బయట పట్టిందంటే లోపలా పట్టుద్ది."

ఆయన దాన్ని బోర్లించాడు. వెనక మరలు విప్పి, అగ్గిపెట్టెకి అన్నలాంటి పలకని ఒకదాన్ని బయటికి లాగి, మెత్తటి బట్టతో అద్ది, టేబుల్ ఫ్యాను ముందు పెట్టాడు. అదే హార్డ్ డిస్కు. పూర్తిగా ఆరేదాకా కరెంటు ఇవ్వకూడదన్నాడు. గంగాదేవి ఆ పలక ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. నాగబాబు పోయినరోజు కూడా ఆమె ఇలాగే ఫ్యాను కింద, ఎదురుగా కూర్చుంది. ఆరోజు చేసేదేమీ లేక కూర్చుంది. ఈరోజు చెయ్యకూడనిది చేసి కూర్చుంది. పందొమ్మిదేళ్ళలో తన చేతిమీద తనకి అనుమానం రావడం అదే మొదలు. పెద్దింట్లమ్మ తల్లికి దణ్ణం పెట్టుకుంది కానీ, ఏమని మొక్కుకోవాలో మాటలు దొరకలేదు.

రెండింటికి సింధూరి చేతిలో హాల్‌టికెట్టుతో మెట్లెక్కి వచ్చింది. గుమ్మం దగ్గర థర్మాకోల్ పెట్టె, దాన్లో సగం కరిగిన ఐసు చూసింది. ఫ్యాను ముందు డిస్కు చూసింది. అమ్మ మొహం చూసింది.

"చల్లగా ఉంచమన్నావుగా," అంది గంగాదేవి.

సింధూరి కాసేపు చర్చి కేలండర్ వైపు చూసింది. తర్వాత వచ్చి అమ్మ పక్కన కూర్చుని, ఆమె చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. ఆ చెయ్యింకా చల్లగానే ఉంది.

ఆరుతున్నంతసేపూ ఎలీషా ఖర్చు సంగతి చెప్పాడు. పోయేదాన్ని బాగుచెయ్యడమనేది ఉండదు. దాని బదులు ఎస్సెస్‌డీ అనే కొత్తరకం వేస్తాడు. చిన్నదైతే బిగింపుతో కలిపి రెండు వేలు. పాత బండికి అది వేస్తే మరో మూడు నాలుగేళ్ళు లాగుతుంది. లోపలున్నది తియ్యడం వేరే కథ. హైదరాబాదులో అద్దాల గదుల్లో డిస్కు విప్పి తీసేవాళ్ళున్నారు, వాళ్ళు పదిహేను వేలనుంచి మొదలుపెడతారు. తన దగ్గరైతే కేబుల్ తగిలించి, వచ్చినంతవరకు లాగే సాఫ్ట్‌వేర్ ఉంది. అది వేరే డబ్బులు అక్కర్లేదు, కానీ హామీ ఇవ్వలేడు.

"ఈ కొత్తదాన్లో తిరిగేదేం ఉండదమ్మా. చప్పుడే చెయ్యదు," అన్నాడు.

"మరి పోయేటప్పుడు?"

ఎలీషా అబద్ధం చెప్పే మనిషి కాదు. "పోయేటప్పుడు కూడా చెయ్యదు. ఆ విషయంలో పాతదే నయం, వారం ముందు టక్ టక్ మని చెప్పుద్ది."

"మా ఆయనా చప్పుడు చెయ్యకుండానే పోయాడు," అంది గంగాదేవి. "ఆ రకం నాకు తెలుసు. వెయ్యండి."

నాలుగింటికి డిస్కు ఆరిందనిపించాక ఎలీషా దాన్ని తన కంప్యూటర్‌కి తగిలించాడు. ఒకసారి టక్ మంది. తర్వాత లోపల ఏదో తిరగడం మొదలైంది. తెరమీద ఫోల్డర్ల పేర్లు వచ్చాయి. సింధూరి లేచి తెర దగ్గరికి వచ్చింది.

"ఎంతసేపుంటదో చెప్పలేను," అన్నాడు ఎలీషా. "అన్నీ తియ్యడం కుదరదు. ముందేది కావాలో ఒక్కటి చెప్పండి."

"నాన్న రికార్డు," అంది సింధూరి.

"దాని ప్రాజెక్టు," అంది గంగాదేవి.

ఎలీషా మౌసు మీద చెయ్యి పెట్టుకుని ఇద్దరి వైపూ చూశాడు.

ప్రాజెక్టు అంటే సింధూరి రెండు నెలలు కూర్చుని, లేని రెండు మీటలతో తంటాలు పడి కొట్టిన అరవై పేజీలు. సోమవారం కాలేజీలో ఇవ్వాలి. ఇవ్వకపోతే డిగ్రీ చేతికి రాదు.

"మళ్ళీ కొట్టుకుంటానమ్మా. నాన్న మళ్ళీ వస్తాడా?"

"సోమవారానికి అరవై పేజీలు కొడతావా?"

"కొడతా."

"నువ్వు కొట్టలేవు. నువ్వు మీ నాన్నమీద రాయమంటేనే రాయలేక రికార్డు చేసుకుపోయినదానివి." గంగాదేవి ఎలీషా వైపు తిరిగింది. "మీరు పిల్లది తియ్యండి బాబూ. ఆయనున్నా ఆ మాటే అంటాడు."

డిస్కు టక్ మంది. గంగాదేవి చెయ్యి అలవాటుగా బల్లమీద తట్టింది. ఎలీషా ప్రాజెక్టు మీద నొక్కాడు.

అరవై పేజీలు రావడానికి పదిహేను నిమిషాలు పట్టింది. మధ్యలో రెండుసార్లు ఆగి, మళ్ళీ నడిచింది. పూర్తిగా వచ్చింది. తర్వాత ఆయన రికార్డు మీద నొక్కాడు. ఆకుపచ్చ గీత ఒకటి ఎడమనుంచి కుడికి జరగడం మొదలుపెట్టింది. ముగ్గురూ దాన్నే చూస్తున్నారు. సగం దాటింది. ముప్పావు దాటింది. డిస్కులో టక్ టక్ మని మొదలై, రాను రాను తొందరపడి, చివర్లో ఒక్కసారి గట్టిగా గీరినట్టు చప్పుడైంది. గీత ఆగిపోయింది. ఎలీషా కేబుల్ తీసి పెట్టాడు. ఆగి మళ్ళీ పెట్టాడు. డిస్కు తిరగలేదు. చెవి దగ్గర పెట్టుకుని విని, బల్లమీద నెమ్మదిగా బోర్లించాడు.

"తొంభై నాలుగు శాతం వచ్చింది," అన్నాడు. "వచ్చినంతవరకు వినబడాలి."

"నేనే పోగొట్టానా?" అని అడిగింది గంగాదేవి.

ఎలీషా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చెమ్మ తగలడం మంచిది కాదమ్మా. అది మాత్రం నిజం. కానీ వారంగా అది చావుబతుకుల్లోనే ఉంది. మామూలుగా తెచ్చినా దారిలోనే పోయి ఉండొచ్చు. ఇట్టా తెచ్చినందుకే ఇంతసేపు నడిచిందేమో కూడా నాకు తెలీదు. తెలిసినట్టు చెప్తే అబద్ధమవుద్ది."

ఓదార్చడానికి చెప్పిన మాట కాదు కాబట్టి గంగాదేవికి అది కొంచెం ఓదార్పుగానే అనిపించింది. రికార్డు పెట్టమంది.

గదిలో నాగబాబు గొంతు లేచింది. బొచ్చెలు, తర్వాత శీలావతులు. ఎవరో దగ్గారు. ఆటో హారన్ కొట్టింది. కింద సందులో పోతున్న మనిషి ఒకడు తలెత్తి కిటికీ వైపు చూశాడు. గంగాదేవి వేళ్ళు కుర్చీ అంచుని పట్టుకుని ఉన్నాయి. ఆరో నిమిషం వచ్చింది.

"గంగా, ఐసు తక్కువేశావే. ఇంకో బుట్ట వెయ్యి."

ఎలీషా గుమ్మం దగ్గరున్న థర్మాకోల్ పెట్టె వైపు చూశాడు. దాన్లో రెండో పొర ఐసు ఇంకా పూర్తిగా కరగలేదు. ఆమె అంత ఐసు ఎందుకు వేసిందో ఆయనకు ఇప్పుడు అర్థమైంది. కళ్ళజోడు మళ్ళీ తీసి, మళ్ళీ తుడుచుకున్నాడు.

"వేశాగా," అంది గంగాదేవి. కళ్ళనిండా నీళ్ళొచ్చాయి, తుడుచుకోలేదు. సింధూరి ఆమె భుజానికి తల ఆనించింది.

రికార్డు సాగింది. ఆఖరి కుప్ప కొర్రమీను. నలుగురు వ్యాపారులు పోటీ పడ్డారు, ధర ఎక్కడికో పోయింది, నాగబాబు గొంతు దానితోపాటు పైకి పోయింది.

"ఒకటోసారి." పెద్ద ఊపిరి. "రెండోసారి."

అంతే. అక్కడితో అయిపోయింది. తర్వాత ఇంకో నలభై సెకన్లు ఉండేవి. మూడోసారి అనేవాడు, హనుమాన్ జంక్షన్ వ్యాపారి కుప్ప గెలుచుకుని నవ్వేవాడు, నాగబాబు గొంతు తగ్గించి, "ఇక పదండ్రా, ఆకలేస్తంది," అనేవాడు. ఆ నలభై సెకన్లూ గంగాదేవికి కంఠతా వచ్చు. కానీ తనకి రావడం వేరు, ఆయన అనడం వేరు. పోయినవి పోయినట్టే తెలుస్తున్నాయి.

ఎలీషా కొత్తది బిగించి, రికార్డుని దాన్లోకి ఎక్కించి, ఒక పెన్‌డ్రైవ్‌లోకి కూడా ఎక్కించాడు. సింధూరి తన ఫోనులోకి పంపమంటే గంగాదేవి వద్దనలేదు. పెన్‌డ్రైవ్‌కి ఆయన డబ్బులు తీసుకోలేదు. ఆమె వెళ్ళబోతూ పెట్టెలో మిగిలిన ఐసు చూపించి, "పారెయ్యమాకండి, మంచి ఐసు," అంది. ఎలీషా ఆ సాయంత్రం కింద సోడా బండివాడికి ఇచ్చాడు.

ఇంట్లో మొదటి రెండు రోజులు అన్నం పలుకుగా దిగింది. తెరమీద బొమ్మ వస్తే అన్నం ఉడికినట్టని చేతికి అలవాటు, ఇప్పుడేమో బియ్యం కడిగేలోపే బొమ్మ వస్తోంది. మూడోరోజునుంచి గంగాదేవి మెతుకు నలిపి చూడటం మొదలుపెట్టింది. పెన్‌డ్రైవ్‌ని బియ్యం డబ్బాలో, అడుగున, పొడిగా ఉండేచోట దాచింది.

సోమవారం సింధూరి ప్రాజెక్టు ఇచ్చేసి వచ్చింది. సాయంత్రం గంగాదేవి కంచంలో అన్నం పెట్టుకుని కూతురి వైపు చూసింది. సింధూరి రికార్డు పెట్టి, బట్టలు మడతపెట్టడానికి లోపలికి పోయింది. లాప్‌టాప్ చప్పుడు చెయ్యడం లేదు, నాగబాబు గొంతొక్కటే ఉంది. బొచ్చెలు, శీలావతులు, దగ్గు, హారన్. ఆరో నిమిషంలో గంగాదేవి ముద్ద ఆపి జవాబు చెప్పింది. కొర్రమీను దగ్గర గొంతు పైకి పోయింది.

"ఒకటోసారి. రెండోసారి."

ఇల్లు నిశ్శబ్దమైంది. లోపలి గదిలోంచి సింధూరి, ఇన్నేళ్ళు విన్న అలవాటుకొద్దీ, నాన్నలాగే గొంతు పెట్టి, "మూడో" అనబోయింది.

"అనమాకు," అంది గంగాదేవి.

సింధూరి చేతిలో చీరతో గుమ్మం దగ్గరికి వచ్చింది.

"మూడోసారి అంటే సరుకు వేరేవాళ్ళదైపోద్ది. రెండోసారి దగ్గరున్నంతవరకు అది మీ నాన్నదే. వేలం నడస్తానే ఉంటది. ఉండనీ."

సింధూరి తలూపి, చీర మడత పూర్తి చేసింది. గంగాదేవి మజ్జిగ పోసుకుని మిగిలిన అన్నం తినేసింది.